తాళంచెవి, పదకొండో అధ్యాయం

మూడో అంతస్తు, వీధి వైపు గది
జూన్ 28

అక్కా,

నువ్వు ఫోన్ ఎత్తవు కాబట్టి ఉత్తరమే. కట్ట విప్పేముందు ఇది చదువు.

ఆరో పుస్తకం పంపిస్తున్నాను. పద్నాలుగు అధ్యాయాలు. ఎప్పటిలాగే గురువారం లైబ్రరీ పీరియడ్‌లో ఆరో తరగతి బి సెక్షన్‌కి చదివి వినిపించి, ఎప్పటిలాగే మార్జిన్‌లో పెన్సిల్ గుర్తులు పెట్టు. దగ్గితే సున్నా, కిటికీలోంచి బయటికి చూస్తే చదరం, నవ్వితే టిక్కు. మా సంపాదకుడికి నా మాట మీద లేని గురి నీ సున్నాల మీద ఉంది. వరసగా మూడు సున్నాలు కనిపిస్తే ఆ పేరా మీద ఎర్రసిరా ఒలికిపోతుంది. అందుకే ఆయనకి ఎర్రసిరా అని పేరు పెట్టుకున్నాను, ఎదుట అనలేక.

ఈసారి గొడవంతా పదకొండో అధ్యాయంతో. మన సూపర్‌హీరో పిల్ల తాళంచెవి ఏ తాళం మీద చెయ్యి వేసినా అది తెరుచుకుంటుంది కదా. ఐదు పుస్తకాల్లో దొంగల గుహ తెరిచింది, జైలు తెరిచింది, జలాంతర్గామి తెరిచింది. ఈ పుస్తకంలో హాస్టల్ వాలీబాల్ కెప్టెన్ ఫైనల్ ఆటలో తన తప్పు వల్ల ఓడిపోయి, స్నానాలగదిలోకి పోయి గడియ పెట్టుకుంటుంది. తాళంచెవి తలుపు మీద చెయ్యి వేస్తుంది. ఒక్క క్షణం ఉంచి తీసేస్తుంది. గుమ్మం ముందు కూర్చుంటుంది. ఎనిమిది పేజీలు కూర్చుంటుంది, లోపలి పిల్ల తనంతట తాను వచ్చేదాకా.

ఎర్రసిరా నవ్వాడు. "మేడమ్, పదేళ్ల పిల్లలు గుమ్మం ముందు కూర్చునే సూపర్‌హీరోని ఏం చేసుకుంటారు? వాళ్ల ఇంట్లో అమ్మమ్మ కూర్చోవడం లేదా?" అన్నాడు. ఈ పుస్తకంతో తాళంచెవికి ఎగరడం కూడా వచ్చెయ్యాలట. కిటికీ మీదుగా ఎగిరొచ్చి, తలుపు బద్దలుకొట్టి, కెప్టెన్‌ని చంకన వేసుకుని బయటికి తేవాలట. చివరికి ఒక ఒప్పందం కుదిరింది. నీ పిల్లలు పదకొండో అధ్యాయం విన్నారా, అది ఉంటుంది. దగ్గారా, తీసేస్తాను. తియ్యనంటే తాళంచెవిని ఇంకో రచయితకి ఇచ్చేస్తారు. ఆ పేరు మీద హక్కు వాళ్లదే కదా.

నీ దగ్గర దాచేదేముంది. ఐదు పుస్తకాలూ చేతివాటంతో రాసేశాను. ఈ ఒక్క అధ్యాయమే నమ్మి రాసింది. ఇది కూడా పిల్లలకి పట్టకపోతే నాకు రాయడం రాదని ఒప్పుకుని, వదిలేసిన కాలేజీ ఉద్యోగం కోసం మళ్లీ వెళ్లి వాళ్ల గుమ్మం ముందు నుంచుంటాను.

నీ చెల్లెలు


బడి లైబ్రరీ, బీరువాల వెనక
జూలై 9

ఏమే,

కట్ట వచ్చింది. నీ ఏడుపు కూడా వచ్చింది, పైనే పెట్టావు కనక ముందది చదివాను.

నలభై ఆరేళ్లు నీకు. డాక్టరేటు ఉంది. పదిహేనేళ్లు కాలేజీలో కవిత్వం గురించి చెప్పి పిల్లల్ని నిద్రపుచ్చావు. ఇప్పుడు పిల్లలు నిద్రపోతున్నారేమోనని నన్ను కాపలా పెట్టావు. కిందటి పుస్తకంలో జలాంతర్గామి మూత తెరిస్తే సముద్రం లోపలికి ఎందుకు రాలేదని మా లాయరమ్మ అడిగింది. రెండు జడలు, చెయ్యి దించదు, అందుకే లాయరమ్మ. "రచయిత్రి గారికి ఈత రాదమ్మా, అందుకని నీళ్లని దూరంగా ఉంచారు" అని చెప్పాను. పిల్ల ఒప్పుకుంది. నేను నీకు చేసే సేవ ఇంతింత కాదు.

మొదటి రెండు అధ్యాయాలు చదివాను. టిక్కులు నాలుగు, సున్నాలు ఏడు. హాస్టల్ వార్డెన్ వచ్చినప్పుడల్లా నవ్వారు. తాళంచెవి "న్యాయం గెలుస్తుంది" అన్నప్పుడల్లా దగ్గారు. చివరి బెంచీ సోడాబుడ్డి అయితే ఆ మాట వస్తుందని ముందే పసిగట్టి దగ్గడం మొదలుపెట్టాడు. ఆ మాట తీసెయ్, వాడి గొంతు బాగుపడుతుంది.

నీ సూపర్‌హీరోలందరికీ ఒకటే జబ్బే. ఎవరూ పిలవకుండానే వచ్చేస్తారు. వచ్చి, గోడ పగలగొట్టి, మనిషిని ఎత్తుకుని, పది మంది చూస్తుండగా నడుం మీద చేతులు పెట్టుకుని నుంచుంటారు. అక్కడితో అధ్యాయం అయిపోతుంది. మర్నాడు ఆ గోడ లేని ఇంట్లో ఆ మనిషి ఎలా ఉంటోందో ఏ పుస్తకంలోనూ ఉండదు. ఆ ఇటుకలు ఎవరు ఎత్తిపోశారు? దారినపోయేవాళ్లు ఇంట్లోకి తొంగిచూడకుండా అడ్డం ఏం కట్టుకుంది? నీలాంటి వాళ్లకి అవి అక్కర్లేదు. మీరు అప్పటికే ఇంకో గోడ దగ్గర ఉంటారు.

గురువారానికి రెండేసి అధ్యాయాలు. పదకొండోది ఆగస్టులో వస్తుంది. అప్పటిదాకా ఉత్తరాలు రాసి నన్ను చంపకు. కట్ట చేత్తో పట్టుకుని, ఆ చేతి మీదే గుర్తులు పెడుతూ, ముప్ఫై ఎనిమిది మందిని చూస్తూ నిలబడి చదవడం నీ జలాంతర్గామి కంటే కష్టం.

అక్క


మూడో అంతస్తు, వీధి వైపు గది
జూలై 22

అక్కా,

నీ తిట్లు అందాయి. రెండుసార్లు చదువుకుని, ఇటుకల సంగతి దగ్గర కాస్త ఆగాను. తర్వాత ఆఫీసుకి పిలిస్తే పోయాను.

ఎర్రసిరా గదిలో కొత్త అట్ట అంటించి ఉంది. తాళంచెవి మబ్బుల్లో ఎగురుతోంది. మెడకి ఎర్రటి దుప్పటి. నేను రాసిన పిల్ల పొట్టిది, మోకాలి మీద చర్మం లేచిపోయి ఉంటుంది. ఈ పిల్లకి మోకాళ్లే లేవు, కాళ్లు అట్ట దాటి పోయాయి. "మేము ఇంకా ఏమీ నిర్ణయించలేదు మేడమ్, ఇది ఊరికే" అన్నాడు. ఊరికే వేయించిన బొమ్మకి కింద మూల బార్‌కోడ్ కూడా ఉంది.

ఆయన బల్లకి అటు పక్క ఒక కుర్రాడు కూర్చున్నాడు. నా పుస్తకాలన్నీ చదివాడట. "చాలా పొటెన్షియల్ ఉంది మేడమ్" అన్నాడు. పిల్ల నాది, పొటెన్షియల్ అతనికి కనిపించింది. ఇంకో రచయిత అంటే ఇతనేనని అప్పుడు అర్థమైంది.

మెట్లు దిగుతూ ఆయన మాటే నిజమేమో అనుకున్నాను. నాకు ఇదొక రోగం, ఎవడు గట్టిగా మాట్లాడితే వాడిదే నిజమనిపిస్తుంది, వీధి మలుపు తిరిగేదాకా. పిల్లలకి ఎగరడమే కావాలేమో. గుమ్మం ముందు కూర్చోవాలనే కోరిక పదేళ్లప్పుడు ఎవరికైనా ఉంటుందా? నాకు ఉండేదా? నాకు తెలిసి నేను అన్ని తలుపులూ తన్నిన పిల్లనే.

పదకొండోది ఎప్పుడు చదువుతావో తేదీ రాయి. ఆ రోజు ఏ పనీ పెట్టుకోను.

చెల్లి


బడి లైబ్రరీ
ఆగస్టు 13

చెల్లికి,

పదకొండో అధ్యాయం అయింది. కాగితాలు దీంతో పంపుతున్నాను. చూస్తే నీకే తెలుస్తుంది. మొదటి పేజీలోనే కదలడం మొదలుపెట్టారు, నాలుగో పేజీ నుంచి వరసగా సున్నాలే. కిటికీ వైపు కూడా చూశారు.

నువ్వు కష్టపడి రాశావని తెలుసు. భాష బాగుంది. కానీ ఈ వయసు పిల్లలకి ఇది సరిపోదేమో. మీ సంపాదకుడు చెప్పినట్టు తీసెయ్యడమే మంచిదని నా అభిప్రాయం. మిగతా మూడు అధ్యాయాలు వచ్చే రెండు గురువారాల్లో పూర్తి చేస్తాను.

ఆరోగ్యం జాగ్రత్త.

అక్క


మూడో అంతస్తు, వీధి వైపు గది
ఆగస్టు 20

అక్కా,

నీ ఉత్తరం చూశాక రెండు రోజులు బల్ల దగ్గరికి పోలేదు. మూడో రోజు పోయి, ఒప్పుకున్న మాట ప్రకారం తలుపు బద్దలుకొట్టడం మొదలుపెట్టాను. నాలుగు పేజీలు రాశాను. బ్రహ్మాండంగా వస్తోంది. అంత సులువుగా రాయగలనని నాకే తెలియదు. చెత్త ఇంత బాగా రాసేదాన్ని ఇన్నాళ్లూ ఎందుకు కష్టపడ్డానో.

ఐదో పేజీ దగ్గర ఆగి నీ ఉత్తరం మళ్లీ తీశాను. "ఆరోగ్యం జాగ్రత్త" అట. నువ్వు! నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు "పడుకుని పనులు తప్పించుకోవడం నీకు పుట్టుకతో వచ్చింది" అన్న మనిషివి. "నా అభిప్రాయం" అట. నీకు అభిప్రాయాలు ఎప్పుడున్నాయి, నీవన్నీ తీర్పులే కదా. ఒక పేజీ మొత్తం రాసి ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. భయమేసింది.

అప్పుడు కాగితాలు పరిచి చూశాను. పది అధ్యాయాల్లో నీ సున్నాలు సున్నాల్లా లేవు. ఒకటి గుడ్డులా ఉంది, ఒకటి సగంలో తెగిపోయింది, రెండు చోట్ల పెన్సిల్ కాగితంలోంచి దిగిపోయింది. అరచేతి మీద పెట్టి, పిల్లల్ని చూస్తూ గీసినవి. పదకొండో అధ్యాయంలో సున్నాలన్నీ గుండ్రంగా, ఒకే కొలతలో, మార్జిన్ మధ్యలో ఉన్నాయి. బల్ల మీద పెట్టుకుని, కుర్చీలో కూర్చుని గీసిన సున్నాలు. లైబ్రరీకి మారకముందు పాతికేళ్లు లెక్కలు చెప్పినదానివి, నువ్వు వృత్తం గీస్తే ఎలా ఉంటుందో నాకు తెలియదా.

సోడాబుడ్డి ఏమన్నాడు? లాయరమ్మ చెయ్యి ఎత్తకుండా ఎనిమిది పేజీలు కూర్చుందా? ఒక్క మాటా రాయలేదేం?

అక్కా, ఆ అధ్యాయం పిల్లలకి చదివావా, లేదా?

వచ్చే నెల మొదటి వారంలో ఎర్రసిరాకి ఏదో ఒకటి తేల్చి చెప్పాలి. ఉన్నది ఉన్నట్టు రాయి.

చెల్లి


ఇల్లు, వంటింటి బల్ల
ఆగస్టు 29

ఏమే,

చదవలేదు.

పదో అధ్యాయం తర్వాత కాగితం తిప్పాను, రెండు పేరాలు కంటితో చూశాను, ఇవాళ్టికి చాలు, మీ పుస్తకాలు మీరు చదువుకోండి అన్నాను. ఆ సాయంత్రం ఇంటికి తెచ్చుకుని, ఇదే బల్ల మీద, ముప్ఫై ఒక్క సున్నాలు గీశాను. గుర్తుల్లో మొదటి అబద్ధం కదా, నీటుగా వచ్చింది.

ఇప్పుడు తిట్టమన్నావు కాబట్టి తిడతాను, విను.

నాలుగేళ్ల కిందట తొమ్మిదో తరగతిలో బోర్డు మీద ఒక లెక్క సగం వేసి ఆగిపోయాను. పాతికేళ్లుగా వేస్తున్న లెక్క. మిగతా సగం రాలేదు. పిల్లలు ముందు నవ్వారు. పది నిమిషాలయ్యాక నవ్వడం మానేశారు. ఆ మానెయ్యడమే భరించలేకపోయాను. ఇంటికొచ్చి నీకు ఫోన్ చేసి ఏం చెప్పాను? "ఇవాళ నన్ను వదిలెయ్" అన్నాను. తెలుగులోనే అన్నాను.

స్నానాలగదిలోకి పోయి గడియ పెట్టుకుని, స్టూలు వేసుకుని, వేడినీళ్ల బకెట్‌లో కాళ్లు పెట్టి కూర్చున్నాను. ఏడవలేదు. ఆ లెక్క మిగతా సగం కోసం వెతుక్కుంటున్నాను. నువ్వు వచ్చి పిలవడం విన్నాను. తలుపు బాదడం విన్నాను. పలకలేదు. పలికితే లెక్క చెదిరిపోతుందని. వచ్చేస్తోంది కూడా, మూడో మెట్టు దాకా వచ్చింది. అప్పుడు ఉలి చప్పుడు వినిపించింది.

వడ్రంగి గడియ ఊడగొట్టి తలుపు తోసేసరికి ఎవరెవరున్నారో నీకు గుర్తుందా? నాకు వరసగా గుర్తుంది. ముందు నువ్వు, ఏడుస్తూ. నీ వెనక వడ్రంగి, పాపం అతను తల తిప్పుకున్నాడు. కింది వాటా ఆవిడ గ్లూకోజు నీళ్లతో. ఆవిడ వెనక ఆవిడ కూతురు. మెట్ల మీద నాకు తెలియని ఇద్దరు. నేను చీర మోకాళ్ల దాకా ఎత్తుకుని బకెట్‌లో కాళ్లతో ఉన్నాను. నువ్వు నన్ను వాటేసుకుని "ఏం కాలేదక్కా, నేనున్నా" అన్నావు. ఏమైందే అసలు? ఏం కాబోయింది?

కింది వాటా ఆవిడ కూతురు మా బళ్లోనే చదివేది. మర్నాడు స్టాఫ్‌రూమ్‌లో నేను అడుగుపెడితే మాటలు ఆగిపోయాయి. వారం తిరిగేసరికి హెడ్‌మిస్ట్రెస్ పిలిచి, లైబ్రరీలో విశ్రాంతిగా ఉంటుందమ్మా అంది. బోర్డు ముందు ఆగిపోయినందుకు కాదు. పది నిమిషాలు ఎవరికైనా ఆగుతుంది. తలుపు పగలగొట్టి బయటికి తీసిన మనిషి చేతికి తొమ్మిదో తరగతి ఎలా ఇస్తారు? నా లెక్కలు ఆ ఉలితో పోయాయి. నీ ఫోన్ ఎత్తడం కూడా ఆ రోజుతోనే పోయింది. చెవి సరిగా వినపడడం లేదని చెప్పాను, నమ్మావు. నువ్వు నమ్మే మనిషివి.

అయినా నీ పుస్తకాలు చదివాను. పిల్లలు నవ్వుతారు కనక. నీకు ఇంకెవరూ లేరు కనక. ఇప్పుడు పదకొండో అధ్యాయంలో చూస్తే, ఆహా, ఏం ఓపిక! చెయ్యి వేసి తీసేసిందట. గుమ్మం ముందు కూర్చుందట. ఆ రోజు వడ్రంగిని తెచ్చినదానివి నువ్వు. పుస్తకంలో మాత్రం మంచిదానివైపోయి, దాన్ని నా చేతికిచ్చి, పిల్లల ముందు పైకి చదవమన్నావు.

చదవను. ముప్ఫై ఒక్క సున్నాలు తక్కువే గీశాను.

అక్క


మూడో అంతస్తు, వీధి వైపు గది
సెప్టెంబరు 6

అక్కా,

ముందు నా కోపం. ఒప్పందం ఉందని తెలిసి, నా బతుకు దాని మీద ఆధారపడి ఉందని తెలిసి, దొంగ గుర్తులు పంపావు. నేను వాటిని నమ్మి, నాకు రాయడం రాదని మూడు రోజులు నాకు నేనే చెప్పుకున్నాను. "నీ అధ్యాయం నాకు గిట్టలేదు" అని ఒక్క వాక్యం రాస్తే పోయేది. నలుగురైదుగురు చదువుకున్న ఆడవాళ్లు చెయ్యగలిగినంత తెలివితక్కువ పని ఇద్దరమే చేశాం.

రెండోది. నువ్వు లోపల లెక్క వేసుకుంటున్నావని నాకెలా తెలుస్తుంది? ఫోన్‌లో నీ గొంతు నీ గొంతులా లేదు. వచ్చాక పదిహేడుసార్లు పిలిచాను. లెక్కపెట్టాను, ఇంకేం చెయ్యాలో తోచక. "ఉన్నానే, పో" అని అరిస్తే పోయేదాన్ని. నీ మూడో మెట్టు చెదరకూడదని నువ్వు, నువ్వు ఉన్నావో లేదో తెలియక నేను. వడ్రంగి దొరకడానికి రెండు వీధులు పరిగెత్తాను, చెప్పులు లేకుండా.

ఇంతా రాసి, ఇప్పుడు మూడోది. లైబ్రరీ సంగతి నాకు తెలియదు. నీకు నిజంగానే అలసటగా ఉందని, నువ్వే అడిగి మార్పించుకున్నావని అనుకున్నాను. నీకు లెక్కలు పోయింది నా వల్లేనని నాలుగేళ్లు తెలియకుండా, నిన్ను కాపాడానని లోపల్లోపల అనుకుంటూ తిరిగాను. ఆ తర్వాత ఏడాదికి తాళంచెవిని రాశాను. ఎక్కడి నుంచి వచ్చిందని అడిగేవాళ్లకి "ఊహ" అని చెప్పేదాన్ని. సిగ్గేస్తోంది.

ఎనిమిది పేజీలు గుమ్మం ముందు కూర్చోబెట్టింది నన్ను నేను సరిదిద్దుకోవడానికే. నువ్వన్నది నిజం. పైగా దాన్ని నీ నోటితో చదివించాలనుకున్నాను. నీకు తెలియకుండా నీ చేత క్షమించానని అనిపించుకునే ఉపాయం. నాకు తెలిసి చేశానా అంటే, సగం తెలిసే.

ఆ అధ్యాయం చింపేశాను. ఎగిరేదాన్నీ చింపేశాను. కొత్తది రాశాను, దీంతో ఉంది. ఇందులో తాళంచెవి పిలుస్తుంది, లోపలి పిల్ల పలకదు, తాళంచెవికి భయమేసి తలుపు మీద చెయ్యి వేస్తుంది, తెరుచుకుంటుంది. మెట్ల మీద హాస్టలంతా ఉంటుంది. కెప్టెన్ బాగానే ఉంటుంది. "నేను వస్తున్నాను కదా" అని ఒక్క మాట అంటుంది. ఆ తర్వాత పుస్తకం అయిపోయేదాకా తాళంచెవితో మాట్లాడదు. బకెట్ పెట్టలేదు. అది నీది.

సూపర్‌హీరో తప్పు చేసి, ఆ తప్పు పుస్తకం చివరిదాకా అలాగే ఉండిపోతే పిల్లలు ఏమంటారో నాకు తెలియదు. ఇది బాగుందో లేదో కూడా తెలియదు. ఒక్క వాక్యం కూడా చేతివాటంగా రాలేదు. అది మంచికో చెడుకో.

ఎర్రసిరాకి గుర్తులు ఇక పంపనని చెప్పాను. ఎందుకో చెప్పలేదు. "స్వయంగా వచ్చి వెనక బెంచీలో కూర్చోండి, పిల్లల్ని మీ కళ్లతో చూడండి, ఆ రోజు చెప్పండి ఉంటుందో పోతుందో" అన్నాను. పదిహేడో తారీఖు గురువారం వస్తానన్నాడు.

కాగితాలు నీ చేతిలో ఉన్నాయి. చదవకపోతే చదవకు. ఆయన ఖాళీ పీరియడ్ చూసి వెళ్లిపోతాడు, తాళంచెవి ఆ కుర్రాడి దగ్గరికి పోతుంది, నేను కాలేజీకి పోతాను. ఎందుకు చదవలేదని ఇక అడగను.

ఒక్కటి మాత్రం అడుగుతాను. ఆ లెక్క తర్వాత ఎప్పుడైనా వచ్చిందా?

చెల్లి


బడి లైబ్రరీ, బీరువాల వెనక
సెప్టెంబరు 19

ఏమే,

లెక్క మర్నాడు పొద్దున పళ్లు తోముకుంటుంటే వచ్చింది. ఎవరూ అడగలేదు, చెప్పలేదు. నాలుగేళ్లకి నువ్వు అడిగావు.

మీ ఎర్రసిరా వచ్చాడు. మా పిల్లల బెంచీ కదా, మోకాళ్లు గడ్డానికి తగులుతున్నాయి. సోడాబుడ్డి పక్కన కూర్చోబెట్టాను. వాడు ఆయన వైపు జాలిగా చూసి, "అంకుల్, ఎన్నిసార్లు ఫెయిలయ్యారు?" అన్నాడు.

కాగితాలు తీశాను. పెన్సిల్ తియ్యలేదు. తాళంచెవి మూడోసారి పిలిచే చోట కాగితాలు బల్ల మీద పెట్టేశాను. మంచినీళ్లు తాగి మళ్లీ చదివాను. పిల్లలు నన్ను చూడడం లేదు, కాగితాన్ని చూస్తున్నారు. చివరికి వచ్చి ఆపాను. ఆ తర్వాత మొదలైంది.

"తాళంచెవికి బుద్ధి లేదు టీచర్!" లాయరమ్మ లేచి నిలబడింది. "అందరినీ మెట్ల మీద పెట్టుకుని తీస్తుందా ఎవరైనా? పోండి అని వాళ్లని పంపించాలి కదా ముందు!"

"ఆ లోపల పడిపోయి ఉంటేనో?" సోడాబుడ్డి. "నువ్వు పొమ్మంటూ కూర్చుంటావ్, ఆవిడ పోతుంది."

"పడిపోతే చప్పుడొస్తుంది."

"మెల్లగా పడితే?"

"మెల్లగా ఎవడ్రా పడేది, నీ మొహం!"

"పదిహేడుసార్లు పిలిచింది. ఆ కెప్టెన్‌కి నోరు లేదా? ఉన్నా అంటే అయిపోయేదిగా!"

ఆ మాట అన్నది ఎవరో కూడా చూడలేదు. నాకు తగిలింది. పదిహేడు అన్న అంకె నువ్వు కావాలనే పెట్టావా? పెట్టే ఉంటావు.

బెల్లు కొట్టేదాకా కొట్టుకున్నారు. సగం మంది తాళంచెవిని తిట్టారు, సగం మంది కెప్టెన్‌ని. ఇద్దర్నీ వెనకేసుకొచ్చినవాడు ఒక్కడూ లేడు. ఐదు పుస్తకాల్లో ఆ పిల్లని మెచ్చుకున్నారే గానీ ఎవరూ ఇంత పట్టించుకోలేదు. లాయరమ్మ వెనక్కి తిరిగి మీ పెద్దమనిషిని పట్టుకుంది.

"అంకుల్, మీరైతే?"

"ఎగిరి..." అని మొదలుపెట్టాడు పాపం.

"ఎగిరితే తలుపెలా తెరుచుకుంటుంది అంకుల్?" అంది. ఆయన నోట్‌బుక్ మూసేశాడు.

తర్వాత నా వైపు తిరిగింది. "మీరైతే టీచర్?"

"లోపల ఉంటేనా, బయట ఉంటేనా?" అన్నాను.

"రెండూ చెప్పండి."

"లోపల ఉంటే పలికేదాన్ని కాదు."

"అదేంటి టీచర్! బయట ఉంటే?"

బయట ఉంటే. లోపల నువ్వు. పలకడం లేదు. పదిహేడుసార్లు. ఆ పిల్లల ముందు నిలబడి నాలుగేళ్లలో మొదటిసారి ఆ తలుపుని బయటి నుంచి చూశానే. "వడ్రంగిని తెచ్చేదాన్ని" అన్నాను.

సోడాబుడ్డి చప్పట్లు కొట్టాడు. లాయరమ్మ నన్ను చూసిన చూపుకి అర్థం, టీచర్ల దగ్గర్నుంచి ఇంతకంటే ఆశించలేం అని.

గేటు దాకా ఎర్రసిరాతో నడిచాను. దొంగ సున్నాల సంగతి నేనే చెప్పాను. ఎవరు గీశారో, ఎందుకు గీశారో, మొత్తం. ఆయన మొహం చూడాల్సింది. ఇన్నాళ్లూ పవిత్రంగా చూసుకున్న సున్నాలు ఒక ముసల్ది వంటింట్లో కోపంతో గీసినవని తెలిస్తే ఎలా ఉంటుంది! మిగతావన్నీ నిజమేనని ఒట్టేశాను, నమ్మినట్టు లేడు. ఇకమీదట నా గుర్తులు ఆయనకి పనికిరావు. ఆయన వచ్చి ఆ బెంచీలో మోకాళ్లు ముడుచుకోవాల్సిందే.

అధ్యాయం ఉంటుందట. "ఇంత గొడవ పడితే ఇళ్లకెళ్లి కూడా పడతారు" అన్నాడు. కారణం ఏదైతేనేం, ఉంటుందన్నాడు, తాళంచెవి నీ దగ్గరే ఉంటుందన్నాడు. కానీ ఒక్క చిన్న మార్పట. చివరి పేజీలో కెప్టెన్ తాళంచెవితో ఒక్క మాట మాట్లాడాలట. క్షమించినట్టు. పిల్లలు సంతోషంగా పుస్తకం మూయాలట.

కుదరదన్నాను.

"అది రచయిత్రి గారు కదా చెప్పాల్సింది?" అన్నాడు.

"లోపల కూర్చున్నది నేను. నేను చెప్పాల్సింది" అన్నాను.

ఆయన నన్నూ, గేటునీ, బడినీ చూసి, సరే మీ ఇష్టం అన్నాడు. ఆటో ఎక్కేటప్పుడు మోకాలు పట్టుకున్నాడు.

కాబట్టి చివరి పేజీ ముట్టుకోకు. నువ్వు మెత్తని మనిషివి, వాళ్లు రెండుసార్లు అడిగితే ఒక మాట చేర్చేస్తావు, నాకు తెలుసు. చేర్చకు. ఆ పిల్ల మాట్లాడదు. మాట్లాడాలంటే ముందు తనకి కోపం పోవాలి, తర్వాత తను ఎందుకు పలకలేదో తనకే తెలియాలి, ఆ తర్వాత ఎవరో పిల్లలు "నోరు లేదా" అని గడ్డి పెట్టాలి. నాలుగేళ్లు పడుతుంది. అన్నేళ్లు ఏ పుస్తకంలో పడతాయే?

అక్క